తెల్లబడిన చోటు

ఇది రాయకుండా ఉందామనే ఇన్నేళ్ళు అనుకున్నాను. పోయిన నెల మా మనవరాలు శ్రావణి కరీంనగర్ నుంచి వచ్చి, అటక మీది పాత ట్రంకుపెట్టె దించి, అందులోంచి నేను పదహారేళ్ళ వయసులో రాసుకున్న నోటుపుస్తకం ఒకటి బయటికి తీసింది. ఒంటికి నలుగు పెట్టుకునే పద్ధతులు రాసుకున్న పుస్తకం అది. ఎవరి చర్మం ఏ రకం, ఆ రకానికి ఏ పిండి, ఎంత నూనె, వారానికి ఎన్నిసార్లు రుద్దాలి, అన్నీ స్కేలుతో గడులు గీసి, పైన ఎర్ర సిరాతో శీర్షికలు పెట్టి రాశాను. శ్రావణి దాన్ని ఫోనులో వీడియో తీసి అందరికీ చూపిస్తానంది. చూపించుకోనీ. ఆ పిండులలో చాలావరకు మంచివే, ఇప్పటికీ వాడుకోదగ్గవే. కానీ అందులో ఒక పేజీ ఉంది. ఆ పేజీ ఎంత ఘోరమైన పొరపాటో ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళలో ముగ్గురికే తెలుసు. నోటుపుస్తకం బయటికి పోతే దాని వెంట ఈ సంగతి కూడా పోవాలి. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు శ్రావణి మంచం మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని ఒక్కొక్క పేజీ పైకి చదువుతూ పోయింది. "అమ్మమ్మా, గిది నువ్వే రాసినవా? చేతిరాత మస్తున్నది గదా!" అని మురిసిపోయింది. "పొడి చర్మం: పెసరపిండి, పాలమీగడ, నువ్వుల నూనె. జిడ్డు చర్మం: శనగపిండి, పసుపు, నిమ్మరసం. అరె, గివే ఇప్పుడు డబ్బాలల్ల పోసి అమ్ముతున్నరు! నా బాత్రూంల ఉన్న స్క్రబ్ మీద కూడ గిట్లనే రాసుంటది, ఏ స్కిన్‌కు ఏదని. నువ్వు గప్పుడే కనిపెట్టినవ్." నాకూ గర్వంగానే ఉంది. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్నాను. అప్పుడు పేజీ తిప్పి చదివింది. "బాపు. చర్మం: మొద్దు చర్మం. ఆరు వారాలు రుద్దిన తరువాత వీపు మీద ఒకచోట బొగ్గు పూర్తిగా పోయి తెల్లబడుతున్నది. మంట లేదు. నొప్పి లేదు. పద్ధతి ఫలించింది." పక్కన ఎర్ర సిరాతో చుక్క కూడా పెట్టానట. "అమ్మమ్మా, నువ్వు సైంటిస్టువే!" అని నవ్వింది.

చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ సంగతి నేను మరిచిపోయానని కాదు, అది ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. కానీ దాన్ని నేను రాసిపెట్టానన్నది మరిచిపోయాను. సంతోషంగా, చుక్క పెట్టి మరీ రాశాను. మనిషి తన తప్పును ఎక్కడో మసకగా గుర్తుపెట్టుకోవడం వేరు, అదే తప్పు తన గుండ్రటి చేతిరాతలో తనకే ఎదురు రావడం వేరు. లేచి వెళ్ళి ఆ పుస్తకం దాని చేతిలోంచి లాక్కున్నాను. పిల్ల బిత్తరపోయింది.

అప్పట్లో మేము నస్పూర్‌లో బొగ్గుగని పనివాళ్ళ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. గనిని మేము బాయి అంటాం. బాపు అంటే మా నాన్న, పేరు ఓదెలు. ఆయన పుట్టింది నేతపనివాళ్ళ ఇంట్లో. మగ్గం మీద తెల్లటి నూలు మధ్య పెరిగి, అది కూడు పెట్టక బాయిలో కూలిగా చేరినవాడు. అందుకో ఏమో, మిగతా పనివాళ్ళు పట్టించుకోని బొగ్గు నలుపు ఆయన్ను బాధపెట్టేది. ఆదివారం తెల్ల ధోవతి కట్టుకుని వాకిట్లో కూర్చుంటే, మెడ దగ్గరా చెవుల వెనకా మిగిలిపోయిన మసిని తువ్వాలుతో అదేపనిగా తుడుచుకునేవాడు. "మా అవ్వ దగ్గరికి పోతె, ఎవ్వలయ్యా నువ్వు అంటదేమో" అని నవ్వేవాడు. బాయిలో దెబ్బ తగిలితే ఆ గాయంలోకి బొగ్గుపొడి దిగి, మానిన తర్వాత పచ్చబొట్టులా నీలంగా ఉండిపోయేది. అట్లాంటివి బాపు ఒంటి మీద ఏడెనిమిది ఉండేవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కథ చెప్పేవాడు. పైకప్పు నుంచి పెల్ల రాలినది ఇది, బొగ్గు మోసే టబ్బు తగిలినది ఇది అని.

బాపు ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గేది కాదు. పెరట్లో బొగ్గుల పొయ్యి మీద కాగులో నీళ్ళు మరుగుతూ ఉండేవి. ఆ పొయ్యి పొగ వాసన, వేడెక్కిన నువ్వుల నూనె వాసన, తడిసిన బీరపీచు పచ్చివాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంటి సాయంత్రం. అవ్వ, అంటే మా అమ్మ, ముందు ఆయన ఒళ్ళంతా నూనె రాసేది. "బొగ్గు నీళ్ళకు లొంగది బిడ్డా, నూనెకు లొంగుతది" అనేది. నూనెతో మసి కరిగి నల్లగా కారిన తర్వాత తవుడు, ఆ తర్వాత బీరపీచు, మడమలకు విరిగిన గూనపెంక ముక్క. ఇంట్లో అందరికీ అదే తవుడు, అదే పీచు. నాకూ అంతే, ఐదేళ్ళ మా చెల్లె సరోజకూ అంతే. సరోజ ఒంటికి అది పడేది కాదు. దద్దులు లేచి ఏడ్చేది. "ముర్కి పోవద్దా మరి?" అని అవ్వ దాన్ని మోకాళ్ళ మధ్య అదిమిపట్టి తోమేది.

పదో తరగతి లెక్కల్లో తప్పి నేను ఇంట్లోనే ఉన్న కాలం అది. మా క్వార్టర్ల లైన్లకు దగ్గరలోనే ఒక చిన్న లైబ్రరీ ఉండేది. రెండు గదులు, తుప్పు పట్టిన ఇనుప బీరువాలు, మధ్యాహ్నాలు నిద్రపోయే గంగాధర్ సారు. నేను కుడివైపు మొదటి అర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వస్తున్నాను. వ్యవసాయం, జ్యోతిషం, కోళ్ళ పెంపకం, ఏదీ వదిలిపెట్టలేదు. బడి వదిలేసిన పిల్లకు అంత చదువు తెలుసా అని లైన్లో ఆడవాళ్ళు అనుకుంటే వినాలని ఉండేది, దాచడమెందుకు? మూడో అరలో చర్మం గురించిన పలుచటి పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, పేరు తెలియదు. అందులో మనుషుల చర్మం నాలుగు రకాలని ఉంది. ఒక్కో రకాన్ని ఎట్లా గుర్తుపట్టాలో, ఏ పిండితో ఎంత మెత్తగా రుద్దితే పైన చచ్చిన పొర రాలి కింద చర్మం బాగుంటుందో ఉంది. మా అవ్వ అన్నేళ్ళుగా చేస్తున్నదంతా తప్పని నాకు ఆ క్షణం తేలిపోయింది.

అవ్వ మీద మొదట ప్రయోగం చేశాను. ఆమెది పొడి చర్మం, పిక్కల మీద తెల్లగా పొలుసులు లేచేది. తవుడు మాన్పించి, మెత్తటి పెసరపిండిలో మీగడ కలిపి పట్టించి, ఆరిపోకముందే వేళ్ళతో గుండ్రంగా రుద్ది, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తడి ఉండగానే నూనె రాశాను. నాకు వీపు మీద చెమటకాయలు, జిడ్డు. శనగపిండీ పసుపూ వారానికి రెండుసార్లు పెట్టుకున్నాను. సరోజకు పీచు పూర్తిగా బంద్ చేసి, జల్లించిన పెసరపిండిని పల్చటి నూలుబట్టలో మూటకట్టి, పాలలో ముంచి అద్దాను. పదిహేను రోజుల్లో దాని దద్దులు పోయాయి. అవ్వ కూడా ఆశ్చర్యపోయింది. "నా బిడ్డ డాక్టరమ్మ అయితది" అని పక్కింటివాళ్ళతో చెప్పుకుంది. ఆ మాట నా తలకెక్కింది.

ఆ వానకాలం మొదట్లో అవ్వ వాకిట్లో జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. బాపు వీపు రుద్దే పని నాకు వచ్చింది. పుస్తకంలోని నాలుగు రకాల్లో బాపు చర్మం దేనిలోనూ ఇమడలేదు. మందంగా, నూనెగా, బొగ్గు ఇంకిపోయి ఉండేది. అందుకని నేనే ఐదో రకం కనిపెట్టి 'మొద్దు చర్మం' అని పేరు పెట్టాను. దానికి పిండి కూడా నేనే కనిపెట్టాను. బరకగా విసిరిన బియ్యప్పిండి, కొంచెం గల్లుప్పు, నూనె. బాపు బండ మీద కూర్చుని మొరాయించేవాడు. "బొగ్గును పాలతోని కడిగినా తెల్లగైతదా బిడ్డా? ఉన్నదానితోని కానీయ్."

"నువ్వు జర ఊకో బాపూ. నేను సదివిన."

"సదివినవ్ గానీ, గాడు రాసినోడు బాయిల దిగిండా?"

అట్లా ఎగతాళి చేసేవాడే గాని రోజూ వచ్చి నా ముందు కూర్చునేవాడు. తెల్లబడాలన్న కోరిక ఆయనకే ఎక్కువ. ఆరు వారాలు గడిచాక వీపు మధ్యలో, వెన్నెముకకు కొద్దిగా ఎడమవైపు, రూపాయి బిళ్ళంత మేర చర్మం పాలిపోయి కనిపించింది. చుట్టూ చామనచాయ, మధ్యలో లేత రంగు. నూనె రాస్తూ చూస్తే అక్కడ వెంట్రుకలు కూడా లేవు. నేను కేక పెట్టాను. "అవ్వా, రా! బొగ్గు పోయింది సూడు! ఒక్కచోట మొత్తం పోయింది!" అవ్వ కట్టుకట్టిన చేతితో వచ్చి చూసి మురిసింది. అద్దం తెచ్చి, ఇంకో అద్దం వెనక పట్టి బాపుకు చూపించాము. ఆయన మెడ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నిజమేనే! నేను మగ్గం మీదున్నప్పుడు గిదే రంగు" అన్నాడు. ఆ రోజు ఇంట్లో బెల్లం పాయసం వండారు. పాలిపోయిన మచ్చకు మేము పాయసం వండుకున్నాం. బొగ్గుతో కాపురం చేయని ఏ ఇంట్లోనైనా ఒంటి మీద కొత్త మచ్చ కనపడితే ఇదేమిటని భయపడతారు. మాకు మాత్రం అది పండగైంది.

మిగతా వీపు కూడా అట్లాగే చేయాలని నేను ఇంకా గట్టిగా పట్టాను. ఉప్పు పెంచాను. చలికాలం వచ్చేసరికి ముంజేతి మీద ఒకటి, భుజం మీద ఒకటి, పిక్క మీద ఒకటి అట్లాంటివే తేలాయి. వాటి మీద ఎంత రుద్దినా బాపు కిమ్మనేవాడు కాదు. మిగతాచోట్ల "అబ్బ, జర మెల్లగ" అనే మనిషి అక్కడ మాత్రం బాయిలో ముచ్చట్లు చెప్పుకుంటూ కూర్చునేవాడు. చర్మం నా పద్ధతికి అలవాటు పడిందని అనుకున్నాను. మడమలకు వాడే గూనపెంక ముక్కను వీపు దాకా తెచ్చాను. ఇది రాస్తుంటే కుడిచేతిని ఎడమచేతితో పట్టుకోవాలనిపిస్తున్నది.

శివరాత్రి దాటిన తర్వాత ఒక ఆదివారం మా వెనక లైన్లో ఉండే రూతక్క వచ్చింది. ఆమె పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. చర్చి నుంచి వస్తూ, నాకు చదువుకోవడానికి పాత పత్రికలు తెచ్చి ఇచ్చేది. ఆ రోజు పెరటి తలుపు తోసుకుని వచ్చేసరికి నేను బాపు వీపు మీద పెంక ముక్కతో రుద్దుతున్నాను, బాపు బాయిలో పని చేయించే ఎవరో ఓవర్‌మ్యాన్‌ను అనుకరిస్తూ నన్ను నవ్విస్తున్నాడు.

"సుగుణా, ఆపు" అంది రూతక్క. "ఆ పెంక కింద వెట్టు."

"ఏమైందక్కా?"

"రక్తం కారుతున్నది, నీకు కనవడ్తలేదా?"

పిండి కింద నుంచి సన్నగా ఎర్రటి చార నడుము దాకా దిగింది. నేను నూనె మసి అనుకున్నాను. బాపు వెనక్కి తిరిగి, "రక్తమా? ఏడ? నాకేం తెలుస్తలేదు చెల్లె" అన్నాడు నవ్వుకుంటూ. "బిడ్డ సదివిన బుక్కుల మహిమ. గీసినా నొప్పి లేదు."

రూతక్క నవ్వలేదు. పత్రికలు గోడ మీద పెట్టి, చెంబుతో నీళ్ళు పోసి పిండి కడిగింది. మచ్చను చూసింది. వంగి పక్కనుంచి, మళ్ళీ వెలుతురుకు ఎదురుగా చూసింది. "ఎన్ని దినాల సంది ఉన్నదిది?"

"వానకాలం సంది అక్కా" అన్నాను. అప్పటికీ నా గొంతులో గర్వమే ఉంది. "మంచిగ తెల్లగైంది సూడు. ఇంకా మూడు చోట్ల అయింది."

ఆమె చీపురులోంచి ఒక పుల్ల విరిచింది. "అన్నా, కండ్లు మూసుకో. నేను ముట్టినప్పుడల్ల ఆఁ అను."

"గిదేం ఆట చెల్లె?" అంటూనే బాపు కళ్ళు మూసుకున్నాడు. పుల్ల మెడ మీద ఆనింది. "ఆఁ" అన్నాడు. కుడిభుజం మీద ఆనింది. "ఆఁ." నడుము మీద. "ఆఁ." తర్వాత పుల్ల మచ్చ అంచు దాటి మధ్యకు వచ్చింది. ఆఁ రాలేదు. రూతక్క ఇంకొంచెం నొక్కింది. పుల్ల వంగింది. ఇంకా నొక్కింది. బాపు కళ్ళు మూసుకునే, ముఖంలో నవ్వు అట్లాగే ఉంచుకుని అన్నాడు, "ముట్టు చెల్లె, ఎందుకాగినవ్?"

నేను పుల్ల వైపు చూస్తున్నాను. అది విల్లులా వంగి ఆయన వీపులో దిగి ఉంది. నలభై ఏళ్ళు దాటాయి. పెళ్ళి, కాన్పులు, చావులు చూశాను. ఆ ఒక్క మాట విన్నప్పుడు నాలో ఏదో తెగినట్టు మళ్ళీ ఎప్పుడూ తెగలేదు.

రూతక్క బాపు ఎడమ మోచేయి వెనక వేళ్ళతో తడిమింది. నన్ను కూడా ముట్టి చూడమంది. చర్మం కింద మగ్గం తాడంత లావున నరం తగిలింది. ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు చాపమంటే పూర్తిగా చాపలేకపోయాడు. "నెల సంది గట్లనే ఉన్నది, పార పట్టి పట్టి గుంజుకపోయినయ్ అనుకున్న" అన్నాడు. అప్పటికి అవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పెద్దరోగమా చెల్లె?" అని అడిగింది. ఎంత మెల్లగా అడిగిందంటే పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు. క్వార్టర్లలో గోడ ఇవతలి మాట అవతలికి పోతుంది. బాయిలో తెలిస్తే పని పోతుందేమో, నల్లా దగ్గర తెలిస్తే బిందె పక్కకు పెట్టమంటారేమో.

"కుష్టే. మందులున్నయ్, పూరాగ నయమైతది. కానీ రేపే పోవాలె" అంది రూతక్క.

ఆ రాత్రి భోజనాల దగ్గర అవ్వ బాపు గిలాసను వేరుగా పెట్టింది. బాపు అది చూసి, అందులోనే తాగాడు. మరునాడు పొద్దున్నే రూతక్క వచ్చి అది చూసింది. "వదినా, పదేండ్ల సంది ఆయన పెయ్యి నీ చేతులతోనే తోమినవ్. ఇప్పుడు గిలాస పక్కకు వెడ్తె ఏమొస్తది? ఎనిమిదేండ్లు గా రోగులకు కట్లు కట్టిన, నాకేమన్న అయ్యిందా?" అంది. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని గిలాసను మిగతావాటిలో కలిపేసింది. మళ్ళీ ఎప్పుడూ తీయలేదు. రూతక్క బాపును వెంటబెట్టుకుని బస్సులో మిషన్ ఆసుపత్రికి పోయింది. చుట్టాలింటికి పోతున్నానని బాయిలో చెప్పి బాపు సెలవు పెట్టాడు.

వాళ్ళు పోయిన తర్వాత నేను లైబ్రరీకి పరుగెత్తాను. మూడో అరలో అదే పుస్తకం తీశాను. రకాల గురించి ఉన్న మొదటి సగమే నేను ఎత్తిరాసుకున్నాను. వెనక సగంలో రోగాల బొమ్మలు ఉండేవి. చూడబుద్ధి కాక ఆ పేజీలు వదిలేసి పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు తెరిచి చూస్తే ఆ బొమ్మల్లో ఒకటి అచ్చం మా బాపు వీపు. పాలిపోయి, స్పర్శ లేని మచ్చ ఉంటే దాన్ని రుద్దవద్దనీ, వెంటనే డాక్టరుకు చూపించమనీ కింద ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. గంగాధర్ సారు లేచి వచ్చి, "ఏమైంది పిల్లా, గంత పరేషాన్ అయితున్నవ్?" అని అడిగాడు. "సారు, నేను సగమే సదివిన" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "సగమన్న సదివినవ్, గిక్కడ ఇంకెవ్వలు ముట్టలే దాన్ని" అని ఓదార్చాడు.

నేను రుద్దడం వల్ల ఆ రోగం రాలేదు. అది ఎప్పటినుంచో లోపల ఉన్నదే. కానీ మచ్చ తేలిన రోజున నేను పాయసం వండించకుండా రూతక్కను పిలిచి ఉంటే మోచేతి నరం దెబ్బతినేది కాదని డాక్టరు చెప్పాడట. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలు నేను ఒక గెలుపును లెక్కపెట్టుకుంటున్నాను.

మందులు రెండేళ్ళు మింగాడు. వాటిలో ఒక మాత్రకు ఒళ్ళు నల్లబరిచే గుణం ఉంది. మూడో నెల తిరిగేసరికి బాపు ముఖం, చేతులు ఎర్రగా మొదలై చివరికి బొగ్గుకన్నా నల్లబడ్డాయి. తెల్లబడాలని అంత ఆశపడ్డ మనిషి. బాయిలో పనివాళ్ళు ఎగతాళి చేశారట. "ఓదెలన్నా, బాయిల బొగ్గంత నీ పెయ్యికే అంటుకుంది, మాకు జర మిగిలియ్యవా?" బాపు కూడా వాళ్ళతోపాటు నవ్వేవాడట. ఇంకే ఊళ్ళోనైనా ఆ నలుపు ఆయన గుట్టు రట్టు చేసేది. మా ఊళ్ళో బొగ్గు ముందు రోగాన్ని దాచింది, తర్వాత మందును కూడా దాచింది. చేతి పని కష్టమవడంతో బాయి పైన పనికి మారాడు. అక్కడా ఎవరూ ఏమీ అడగలేదు.

రుద్దే పని మళ్ళీ నాకే వచ్చింది. నేను రానన్నాను. రూతక్క చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. "రుద్దుడే తప్పు గాదు సుగుణా. గీ చర్మానికి ఎట్ల రుద్దాల్నో నేర్చుకో" అంది. స్పర్శ లేని చర్మానికి చెమట పట్టదు, ఎండి పగులుతుంది, పగులులో పుండు పడుతుంది, పడినా మనిషికి తెలియదు. అందుకని చేతులూ కాళ్ళూ ముందు చల్లటి నీళ్ళలో నానబెట్టాలి. అరగంట. వేడినీళ్ళు వద్దు, కాలినా తెలియదు. నానిన తర్వాత గట్టిపడిన చోట మాత్రమే నున్నటి రాయితో మెల్లగా, ఒకే వైపుగా రుద్దాలి. లేత చర్మం కనిపించగానే ఆపాలి. ఆరకముందే నూనె. ప్రతిరోజూ, చేసేముందు కళ్ళతో అంగుళం అంగుళం వెతకాలి. ఆయనకు తెలియనిది నేను చూడాలి. అట్లా నా పెళ్ళి దాకా రోజూ చేశాను. ఒళ్ళు మెల్లగా తన రంగుకు వచ్చింది. మచ్చలు సద్దుమణిగాయి. రెండు వేళ్ళు మాత్రం వంకరగానే ఉండిపోయాయి. ఒకసారి బాపు నన్ను వెంటబెట్టుకుని తన అవ్వ ఊరికి పోయినప్పుడు, తన అన్న మగ్గం మీద పోగు తెగితే అలవాటుగా చెయ్యి చాపాడు. ఆ వేళ్ళతో పోగు అతకలేకపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాలులో పెట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

శ్రావణి బాత్రూంలో సీసాల వరస చూస్తే నాకు నా నోటుపుస్తకమే కనిపిస్తుంది. అప్పుడు మేము అట్టలేని పుస్తకం అడిగాము, ఇప్పుడు వీళ్ళు ఫోనును అడుగుతారు. రకం చెబితే సీసా పేరు చెబుతుంది. ఇప్పటి స్నానం తలుపు వేసుకుని ఒక్కరే చేసేది. పొడుగు పిడి ఉన్న బ్రష్షుతో తమ వీపు తామే రుద్దుకుంటారు, ఆ వీపును చూసేవాళ్ళు లేరు. అప్పుడు ప్రతి వీపుకూ ఇంట్లో ఇంకొకరి చేతులు, కళ్ళు ఉండేవి. అది మంచికాలమని రాయడానికి నాకు నోరు రావడం లేదు. మా బాపు వీపును రెండు కళ్ళతో ఎనిమిది నెలలు రోజూ చూసినదాన్ని నేనే. శ్రావణికి మాత్రం ఒకటి చెప్పాను. పిండి ఏదైనా పెట్టుకో, సీసా ఏదైనా కొనుక్కో. రుద్దితే నొప్పి పుట్టని చోటు ఉంటే సంతోషపడకు. పిల్ల లేచి వచ్చి, వీడియోలో ఆ పేజీని కూడా చూపిస్తాను, నువ్వే చదువు అంది. చదివాను.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళు కొందరున్నారు. పెట్టె దించి నన్ను ఇందులోకి ఈడ్చిన శ్రావణికి, ఇప్పటికీ ఆ పిండులే వాడుతూ నేను మరిచిన కొలతలు గుర్తుచేసిన మా చెల్లె సరోజకు కృతజ్ఞతలు. అరలకు తాళం వేయకుండా ఉంచిన గంగాధర్ సారుకు, గిలాసను వెనక్కి తీసుకోగలిగిన మా అవ్వ లచ్చవ్వకు కూడా. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఖానాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్న రూతక్కకు ఎంత చెప్పినా తక్కువే. ఇందులో తప్పులు ఉండకూడదని పోయిన వారం బస్సెక్కి వెళ్ళి ఆమెకు ఇదంతా చదివి వినిపించాను. కళ్ళు సరిగా కనపడవు గాని మతి బాగుంది. అంతా విని, "ఒకటి నీకెన్నడు చెప్పలే సుగుణా. మీ బాపు చెప్పద్దన్నడు" అంది.

ఆసుపత్రిలో డాక్టరు ఆ వీపు మీది గాయాలు చూసి కోపంతో, ఇట్లా ఎవరు రుద్దారని అడిగాడట. "నేనే రుద్దుకున్న సారు" అన్నాడట బాపు. వీపు మధ్యకు నీ చెయ్యి ఎట్లా అందింది, ఏదీ చూపెట్టు అన్నాడట డాక్టరు. బాపు చెయ్యి వెనక్కి వంచాడట. అందలేదు. ఇంకో చెయ్యి పై నుంచి వంచాడట. అందలేదు. "అందుతది సారు, జర ఆగుండ్రి" అంటూ, డాక్టరు ఇక చాలు అనేదాకా ఆ వంగిన వేళ్ళతో ప్రయత్నిస్తూనే ఉన్నాడట.

మా బాపు ఓదెలుకు.